ఘాటైన మాల్ట్ ఏల్‌కి ఏ వంట జత కుదురుతుంది

స్కాచ్ ఏల్ (దీన్నే వీ హెవీ అని కూడా అంటారు), ఇంగ్లిష్ బార్లీ వైన్, ఓల్డ్ ఏల్, బెల్జియం దేశపు డబ్బెల్, క్వాడ్రుపెల్, ఇవన్నీ ఘాటైన ఏల్‌లు, అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే బీర్లు. వీటి రుచికి ఆధారం హాప్స్ అనే పూల చేదు కాదు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ). ఆల్కహాల్ సుమారు 6 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. డోపెల్‌బాక్ నిజానికి లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) అయినా తిండి పక్కన పెడితే ఇలాగే నడుచుకుంటుంది కాబట్టి దాన్నీ ఈ వరుసలోనే చేర్చుకోవచ్చు. మామూలు బీరుకి కుదిరే తిండి వీటికి చాలాసార్లు కుదరదు. అలాగని జత వెతకడం కష్టమేమీ కాదు. ఈ బీర్లలోని రుచి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆపైన వేడిగాలితో ఆరబెడతారు. ఆ వేడికి గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కాల్చిన రొట్టె అంచు, టాఫీ, వేగిన గింజల వాసనలు పుడతాయి. దీన్ని మయార్ చర్య అంటారు. పెనం మీద మాంసం ఎర్రబడటానికీ, ఓవెన్‌లో బ్రెడ్ పైపొర రంగు తిరగడానికీ కారణం ఇదే. కాబట్టి వంటలో చూడాల్సింది మొదట అది ఏ దినుసు అని కాదు, ఎంత ఎర్రగా వేగింది అని. ఆవిరి మీద ఉడికిన కోడిమాంసం ఈ బీరు పక్కన చప్పగా తేలిపోతుంది. అదే కోడిని చర్మం ఎర్రబడి కరకరలాడేలా ఓవెన్‌లో కాలిస్తే చక్కగా కలుస్తుంది.

ఎర్రబడటం జోరుగా సాగాలంటే ముక్క పైభాగం దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. తడి ఉన్నంతసేపూ అది 100 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ముక్కల తడి గుడ్డతో పూర్తిగా అద్దండి. పెనం బాగా కాగనివ్వండి. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా రెండు మూడు విడతలుగా వేయించండి. అన్నీ ఒకేసారి వేస్తే నీరూరి, వేగాల్సినవి ఉడుకుతాయి. ఉల్లిపాయలైతే సన్నగా తరిగి, వెన్నలో చిటికెడు ఉప్పుతో సన్నని మంట మీద 40 నుంచి 45 నిమిషాలు ఓపిగ్గా వేయించాలి. మంట పెంచితే అంచులు మాడి చేదెక్కుతాయి. ఆ చేదు బీరులోని చేదుతో కలిసి రెట్టింపు అవుతుంది.

వంట మొదలుపెట్టకముందే బీరు రుచి చూడండి. ఫ్రిజ్‌లోంచి తీయగానే కాదు. 4 డిగ్రీల దగ్గర మాల్ట్ వాసన అణగిపోయి, ఆల్కహాల్ ఘాటూ చేదూ మాత్రమే పైకి తేలతాయి. సీసాని 30 నుంచి 45 నిమిషాలు బయట ఉంచి, 10 నుంచి 13 డిగ్రీల మధ్యకు రానివ్వండి. పొడవాటి గ్లాసు కన్నా అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న గ్లాసు మేలు, వాసన అందులో నిలుస్తుంది. ఒకసారికి 120 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు. 9 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 23 గ్రాములు ఉంటుంది, అందుకే ఇది చిన్న గుక్కలతో తాగాల్సిన పానీయం.

రుచి చూసేటప్పుడు మూడు సంగతులు గమనించాలి. మింగాక నాలుక మీద తీపి ఎంతసేపు నిలిచింది? చేదు ఎంత? బుడగలు ఎంత జోరుగా ఉన్నాయి? లేబుల్ మీద ఐబీయూ (బీరు చేదును కొలిచే ప్రమాణం) అంకె ఉంటే చేదు గురించి కొంత తెలుస్తుంది. డబ్బెల్ సాధారణంగా 15–25, వీ హెవీ 17–35, ఇంగ్లిష్ బార్లీ వైన్ 35–70 మధ్య ఉంటాయి. అమెరికన్ బార్లీ వైన్ 100 దాకా వెళ్లొచ్చు. పేరు ఒకటే అయినా ఇందులో హాప్స్‌దే పైచేయి, అందుకే ఇక్కడ చెప్పేవన్నీ దానికి వర్తించవు. బుడగల విషయానికొస్తే బెల్జియన్ ఏల్స్‌లో జోరు ఎక్కువ, అది నోట్లోని కొవ్వును కడిగేస్తుంది. బార్లీ వైన్‌లో బుడగలు తక్కువ. కాబట్టి కొవ్వున్న బాతుమాంసానికి, పంది మాంసానికి డబ్బెల్, క్వాడ్రుపెల్ బాగుంటాయి. గొర్రె తొడ రోస్ట్, కాల్చిన అడవి జంతువుల మాంసం లాంటి గట్టి రుచులకు వీ హెవీని మించింది లేదు. స్కాట్లాండ్‌లోని ట్రాక్వేర్ హౌస్ ఏల్ 7.2 శాతం ఉంటుంది, అలాంటి రోస్ట్ పక్కన పెట్టడానికి మంచి ఉదాహరణ. మాంసం తినని వాళ్లకు వెన్నలో ఎర్రగా వేయించిన పుట్టగొడుగులు, ఓవెన్‌లో అంచులు ముదురు ఎరుపు తిరిగేలా కాల్చిన గుమ్మడి, క్యారెట్ ఇదే పని చేస్తాయి.

ఈ బీర్లకు అన్నిటికన్నా నమ్మకమైన తోడు చీజ్. వంట పని లేదు, ఫలితం వెంటనే తెలుస్తుంది. బార్లీ వైన్, ఓల్డ్ ఏల్ పక్కన స్టిల్టన్ లాంటి బ్లూ చీజ్ పెట్టి చూడండి. చీజ్‌లోని ఉప్పు బీరు చేదును తగ్గిస్తుంది, బీరులోని తీపి చీజ్ ఘాటును మెత్తబరుస్తుంది. ఏడాదికి పైగా మాగిన గౌడాలో టాఫీ రుచి ఉంటుంది, పంటికి తగిలే చిన్న స్ఫటికాలూ ఉంటాయి. అది వీ హెవీకి సొంత తోబుట్టువు లాంటిది. ఉప్పునీటితోనో బీరుతోనో పైతొక్క కడుగుతూ మాగబెట్టిన చీజ్‌లకు డబ్బెల్ సరిజోడు. బెల్జియంలోని స్కూర్మోన్ మఠం సన్యాసులు 1862 నుంచి షిమే బీరునూ, 1876 నుంచి చీజ్‌నూ చేస్తున్నారు. వాళ్ల చీజ్‌లలో ఒకదాని తొక్కను షిమే బీరుతోనే కడుగుతారు. చీజ్‌ను వడ్డించడానికి గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయాలి. 120 మిల్లీలీటర్ల బీరుకు 30 గ్రాములు సరిపోతుంది. పక్కన వేయించిన వాల్‌నట్‌లు, ఎండు అంజీర్ పెట్టొచ్చు. పులుపు పచ్చళ్లు మాత్రం దూరంగా ఉంచండి.

బీరు పోసి వండే కూరల్లో బెల్జియన్ల కార్బొనాడ్ చూడదగ్గది. కిలో గొడ్డుమాంసం భుజం ముక్కల్ని ఎర్రగా వేయించి తీసి, అదే గిన్నెలో అరకిలో ఉల్లిపాయల్ని రంగు తిరిగేదాకా వేయించాలి. ముక్కలు మళ్లీ వేసి 500 మిల్లీలీటర్ల డబ్బెల్, కొంచెం థైమ్, ఒక బిర్యానీ ఆకు, ఉప్పు చేర్చాలి. ఆవాల ముద్ద రాసిన రెండు బ్రెడ్ ముక్కల్ని పైన పరిస్తే అవి కరిగి పులుసుకి చిక్కదనం ఇస్తాయి. మూతపెట్టి, తెర్లనివ్వకుండా, సన్నగా కదులుతూ ఉండేలా రెండున్నర నుంచి మూడు గంటలు ఉంచాలి. బీరు చేదు 25 ఐబీయూ దాటకూడదు. నీరు ఇగిరేకొద్దీ చేదు చిక్కబడుతుంది, తరవాత దాన్ని తీసే దారి లేదు. అందుకే చివర్లో మూత తీసి పెద్ద మంట మీద ఇగర్చకండి. ఖరీదైన బార్లీ వైన్‌ను గిన్నెలో పోయడం వృథా, దాని సున్నితమైన వాసనలన్నీ ఆవిరితో పోతాయి. వండటానికి డబ్బెల్, తాగడానికి క్వాడ్రుపెల్ అనుకుంటే చక్కగా ఉంటుంది.

తీపి వంటకాల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. వంటకం బీరు కన్నా తియ్యగా ఉంటే బీరులోని తీపి నాలుకకు అందదు, చేదూ ఘాటూ పల్చగా మిగులుతాయి. ఖర్జూరం కేకు, బ్రెడ్ పుడ్డింగ్ లాంటివి చేసేటప్పుడు చక్కెర మూడోవంతు తగ్గించండి, పైన పోసే టాఫీ సాస్‌లో ఉప్పు కాస్త ముందుకి రానివ్వండి. చాక్లెట్ 55–65 శాతం కోకో ఉన్నది తీసుకోండి. 80 శాతానికి వెళ్తే చేదుకి చేదు తోడవుతుంది. మిల్క్ చాక్లెట్ పక్కన బార్లీ వైన్ కూడా నీళ్లలా అనిపిస్తుంది.

ఇక అసలు కుదరనివి. మిరప కారం ఎక్కువైన వంటల్లో ఆల్కహాల్ మంటను పెంచుతుంది, 10 శాతం బీరుతో నోరు భగ్గుమంటుంది. వెనిగర్, నిమ్మరసం ముందుకొచ్చే సలాడ్లతో మాల్ట్ వెగటుగా తోస్తుంది. ఆవిరి మీద ఉడికిన తెల్లచేప, పచ్చి ఆయిస్టర్ లాంటి సున్నితమైన రుచులు ఈ బీరు కింద కనబడకుండా పోతాయి.

జత పరీక్షించడానికి తినేదాన్ని సగం నమిలి, నోట్లో ఉండగానే చిన్న గుక్క తీసుకోండి. మింగాక మరో గుక్క తాగండి. రెండో గుక్క మొదటిదాని కన్నా పల్చగా తోస్తే వంటలో తీపి ఎక్కువైంది. చేదు పొడుచుకొస్తే వంట మీద చిటికెడు ఉప్పో, కాస్త వెన్నో వేసి మళ్లీ చూడండి, చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. బీరు రుచి మాత్రమే మిగిలి తిన్నదేమిటో గుర్తు రాకపోతే వంట ఇంకా ఎర్రగా వేగాలి, లేదంటే తక్కువ ఘాటున్న బీరుకి మారాలి. వరుసగా రెండు మూడు బీర్లు వడ్డించేటట్టయితే డబ్బెల్‌తో మొదలుపెట్టి బార్లీ వైన్‌తో ముగించండి. ముందే బార్లీ వైన్ పోస్తే తరవాతి డబ్బెల్‌లో ఏమీ తెలియదు.

750 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో బీరు మిగిలితే బిరడా గట్టిగా బిగించి, ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. మర్నాటికి బుడగలు చాలావరకు పోయినా చీజ్ పక్కన ఇంకా పనికొస్తుంది. ఆ తరవాత కూడా మిగిలితే, చేదు తక్కువున్న రకమైనప్పుడు ఎర్రగా వేయించిన ఉల్లిపాయల మీద 100 మిల్లీలీటర్లు పోసి గిన్నె అడుగున అంటుకున్నదంతా గీకి కలిపితే రోస్ట్‌కి మంచి గ్రేవీ అవుతుంది.