చలికాలంలో రోజుల తరబడి కరెంటు పోతే: టెక్సస్‌లోని తెలుగు ఇళ్ల కోసం

తెలుగునాట పెరిగినవారికి కరెంటు పోవడం అంటే వేసవి జ్ఞాపకమే: ఫ్యాను ఆగిపోవడం, విసనకర్ర వెతుక్కోవడం, డాబా మీద పక్కలు వేసుకోవడం. అందుకే అమెరికాకు వచ్చి ఎన్నేళ్లయినా, కోత అనగానే మన చెయ్యి ముందు టార్చిలైటు కోసం, ఆ తరువాత కొవ్వొత్తి కోసం తడుముతుంది. చలికాలపు కోతలో చీకటి అన్నిటికన్నా చిన్న ఇబ్బంది. ముందు ఇంట్లో వెచ్చదనం పోతుంది, ఆ వెనుక నీటి పైపులు గడ్డకడతాయి, చలికి తాళలేక మనం చేసే పొరపాట్ల వల్ల పీల్చే గాలే విషమవుతుంది. సన్నాహం కూడా ఈ వరుసలోనే సాగాలి.

టెక్సస్‌లో ఇది ఊహ కాదు. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రాష్ట్రపు గ్రిడ్డును నడిపే ఎర్కాట్ సంస్థ కోతలకు ఆదేశించింది. గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు ఒకేసారి చలికి దెబ్బతిన్నాయి. దేశంలోని మిగతా గ్రిడ్లతో టెక్సస్‌కు ఉన్న అనుసంధానం స్వల్పం కనుక బయటి నుంచి తెచ్చుకోగలిగిన విద్యుత్తు కొద్దిపాటిదే. ఒక్కో ప్రాంతానికి కొంతసేపు చొప్పున వంతులవారీగా సాగవలసిన కోత, ఆసుపత్రుల వంటి అత్యవసర లైన్లను మినహాయించాక వంతు మార్చడానికి లైన్లు మిగలక, చాలా వీధుల్లో రోజుల పాటు కదలకుండా నిలిచిపోయింది. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు దాని బారిన పడ్డాయి. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ 246 మరణాలను లెక్కించింది. వాటిలో అత్యధికం శరీరం చల్లబడిపోవడం వల్ల సంభవించినవే. కాబట్టి "రెండు గంటల్లో వచ్చేస్తుందిలే" అనే లెక్కను పక్కన పెట్టి, కనీసం మూడు పూర్తి రోజులకు సిద్ధపడడం మంచిది.

చాలామందికి ముందుగా తట్టని విషయం ఒకటుంది. మీ ఇంటి ఫర్నేస్ గ్యాస్‌తో నడిచేదే అయినా, వేడి గాలిని గదులకు తోసే బ్లోయరు, మంటను అదుపు చేసే సర్క్యూటు కరెంటు మీదే ఆధారపడతాయి. కరెంటు పోతే గ్యాస్ ఉండి కూడా ఇల్లు చల్లబడుతుంది. అందువల్ల ఇల్లంతా కాపాడాలనే ఆశ వదులుకుని, ఒక్క గదిని ఎంచుకోండి. అది చిన్నదిగా, కిటికీలు తక్కువగా, వీలైతే దక్షిణం వైపున ఉండాలి. తలుపు కింది సందులో తువ్వాళ్లు దోపి, కిటికీలకు దుప్పట్లు కట్టాలి. పగలు ఎండ పడే కిటికీ తెర మాత్రం తీసి ఉంచాలి. పిల్లల ఆటల డేరా ఉంటే ఆ గదిలోనే వేసి, అందరూ అందులో పడుకుంటే ఒంటి వేడి చెదిరిపోదు. మందమైన ఒక్క కోటు కన్నా పలుచని బట్టలు మూడు నాలుగు పొరలు మేలు. ఊరి నుంచి తెచ్చి అలమరలో మడిచి పెట్టిన అమ్మమ్మ బొంతకు ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

మన ఇళ్లలో తరచుగా చలికాలంలోనే అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉంటారు. ఈ చలి వారికి కొత్త. పైగా వయసు మీద పడ్డవారికి తమ శరీరం చల్లబడుతున్న సంగతి త్వరగా తెలియదు. "నాకేం చలి లేదురా" అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు. మాట తడబడడం, మగతగా ఉండడం, చేతిలోని వస్తువు జారిపోవడం, అంతవరకు ఉన్న వణుకు ఆగిపోవడం ప్రమాద సూచనలు. అప్పుడు తడి బట్టలు మార్చి, ఛాతీని, మెడను, తలను ముందుగా వెచ్చబరుస్తూ 911కు ఫోన్ చేయాలి. చంటిపిల్లల మాటకొస్తే, ఒళ్లు చల్లగా ఎర్రబారడం, హుషారు తగ్గిపోవడం కూడా ఇలాంటి సూచనలే.

ఇక బ్యాటరీల సంగతి. మన ఊళ్లలో ఇన్వర్టరు ఫ్యానుకు, లైటుకు సరిపోయినట్టే, ఇక్కడ దొరికే వెయ్యి వాట్-అవర్ల పోర్టబుల్ పవర్ స్టేషన్ ఇంటర్నెట్ రూటరుకు, ఫోన్లకు, ఎల్ఈడీ దీపాలకు ఒకటి రెండు రోజులు ఇబ్బంది లేకుండా సరిపోతుంది. కానీ అదే యంత్రానికి 1500 వాట్ల గది హీటరు తగిలిస్తే 40 నిమిషాలు కూడా తిరగకుండానే ఖాళీ అవుతుంది. అదే 100 వాట్లు తీసుకునే విద్యుత్ దుప్పటి అయితే ఎనిమిది గంటలకు పైగా నడుస్తుంది. గదిని కాకుండా మనిషిని వెచ్చబరచడంలోనే లాభమంతా ఉంది. లిథియం బ్యాటరీలను సున్నా డిగ్రీల కన్నా చలిగా ఉన్నచోట ఛార్జి చేస్తే పాడవుతాయి కనుక దానిని గ్యారేజీలో కాక ఇంట్లోనే ఉంచాలి.

అన్నిటికన్నా నిక్కచ్చిగా పాటించవలసింది గాలి విషయం. 2021లో చలి నుంచి తప్పించుకోబోయి కార్బన్ మోనాక్సైడ్‌కు బలైన కుటుంబాలు ఉన్నాయి. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, పొగ కనిపించదు. తలనొప్పి, వాంతి, తల తిరగడం వంటి లక్షణాలు జలుబు జ్వరాన్ని తలపిస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ మాత్రం హెచ్చరిక కూడా అందదు. బొగ్గుల కుంపటి దగ్గర చలి కాచుకోవడం మనకు తెలిసిన అలవాటే. పెంకుటింటి సందుల్లోంచి ఎంతో కొంత గాలి ఆడేది, అప్పుడు కూడా అది క్షేమమేమీ కాదు. ఇక్కడి ఇళ్లు గాలి చొరకుండా బిగించి కట్టినవి. బొగ్గుల గ్రిల్లును, క్యాంపింగ్ స్టవ్వును ఇంట్లోకి, గ్యారేజీలోకి తేకూడదు. గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి గది వెచ్చబరుచుకోకూడదు. గ్యారేజీ తలుపు తెరిచి ఉన్నా సరే, కారును లోపల నడపకూడదు. జెనరేటరు ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. దానిని గోడ ప్లగ్గులోకి గుచ్చి ఇల్లంతా వెలిగించే కిటుకు ఎవరు చెప్పినా వినకండి. ఆ కరెంటు వీధి తీగలోకి ఎదురెక్కి, మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని పడుకునే గదుల దగ్గర పెట్టండి. ఈ వ్యాసంలో చెప్పిన వాటిలో ఒక్కటే కొనగలిగితే, కొనవలసింది అదే.

నీటి విషయానికి వస్తే, టెక్సస్ ఇళ్లను వేసవికి తగ్గట్టు కట్టారు కనుక చాలాచోట్ల పైపులు అటక మీదుగా వెళ్తాయి. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం తొమ్మిది శాతం దాకా పెరిగి పైపును చీలుస్తుంది. విచిత్రమేమంటే నష్టం అప్పుడు కాదు, రెండు రోజుల తరువాత మంచు కరిగి నీరు పారినప్పుడు బయటపడుతుంది. నవంబరు లోపలే బయటి కుళాయిలకు తొడుగులు వేసి, తోట పైపులు విప్పి, ఇంటికి నీరు వచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో పెద్దలందరికీ చూపించి, దానిని ఒకసారి తిప్పి చూడాలి. వాల్వు వీధి పక్కన మీటరు పెట్టెలోనే ఉంటే దాన్ని తిప్పే పొడవాటి తాళం హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. బయట మైనస్ 7 డిగ్రీల దిగువకు పడిపోతుందన్న కబురు వస్తే, వేడి చల్లని కుళాయిలు రెండింటినీ సన్నని ధారగా వదలి, సింకుల కింది అర తలుపులు తెరిచి ఉంచాలి. కరెంటు పోయి ఇంట్లో ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు దిగితే, ఇక ధారను నమ్ముకోకుండా వాటర్ హీటరు ఆపి, మెయిన్ వాల్వు కట్టేసి, పైఅంతస్తులోనూ అడుగునా కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేయాలి. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఈ వాల్వు అందకపోవచ్చు. ముందుగానే మేనేజరును అడిగి తెలుసుకోవాలి.

అందుకే తాగే నీరు ముందే పట్టుకోవాలి: మనిషికి రోజుకు దాదాపు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు. స్నానపు తొట్టె నింపి పెట్టుకుంటే మరుగుదొడ్డికి పనికొస్తుంది, ఒక్కోసారికి ఆరు లీటర్ల దాకా పడుతుంది. నిండిన తొట్టె ఉన్న గదిలోకి చిన్నపిల్లలు వెళ్లకుండా తలుపు వేయాలి.

తిండికి మన వంటిల్లు అంతగా బెంగపడనక్కరలేదు. ఎలక్ట్రిక్ పొయ్యి ఉన్నవారు కరెంటు లేనప్పుడు నీళ్లు కూడా కాచుకోలేరు కనుక, పొయ్యి అక్కర్లేనివి ఉండాలి: నానబెడితే చాలనిపించే అటుకులు, మరమరాలు, జంతికలు, వేయించిన పల్లీలు, పెరుగు, ఆవకాయ. తుపాను కబురు రాగానే పులిహోర కలిపి, రెండు ప్లాస్కుల నిండా వేడి నీళ్లు పోసి పెట్టుకోవచ్చు. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగమే నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుతాయి.

ఇన్సులిన్ వాడేవారు అది వేడెక్కుతుందేమో అని కాక, గడ్డకడుతుందేమో అని జాగ్రత్తపడాలి; ఒకసారి గడ్డకట్టినది పారేయవలసిందే. ఆక్సిజన్ యంత్రం వంటి వాటి మీద ఆధారపడ్డవారు ఉంటే, డాక్టరు సంతకంతో విద్యుత్ సంస్థ దగ్గర క్రిటికల్ కేర్ (కరెంటుతో నడిచే వైద్య యంత్రమే ప్రాణాధారమైన) వినియోగదారుగా ముందే నమోదు చేయించుకోవాలి. ఇది కరెంటు పోదన్న హామీ కాదు కనుక మరో ఏర్పాటు కూడా ఉండాలి. వెచ్చని ఆశ్రయ కేంద్రాలు ఎక్కడున్నాయో 211కు ఫోన్ చేస్తే చెబుతారు. గ్యారేజీ తలుపును చేతితో ఎత్తడానికి మోటారు నుంచి వేలాడే ఎర్ర తాడును లాగాలి. తలుపు మూసి ఉన్నప్పుడే ఒకసారి సాధన చేయండి. లేకపోతే బయలుదేరవలసిన క్షణంలో కారు లోపలే చిక్కుకుపోతుంది.

కరెంటు తిరిగి వచ్చాక ఒక దీపం తప్ప పెద్ద యంత్రాలన్నీ ఆపివేసి, కొద్ది నిమిషాల తరువాత ఒక్కొక్కటిగా వేయండి. మెయిన్ వాల్వును మెల్లగా తెరిచి, ఒకరు దాని దగ్గరే నిలబడి, మరొకరు అటకను, గదుల పైకప్పులను చూస్తూ తిరగాలి. వాటర్ హీటరును అందులో నీరు పూర్తిగా నిండాకే వేయాలి. నగరం నీళ్లు కాచుకోమని ప్రకటిస్తే, మరుగు మొదలైన తరువాత ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వాలి. ఫ్రిజ్‌లోని ఫిల్టరు దానికి బదులు కాదు. ఎక్కడైనా తడి మరక కనిపిస్తే తుడవకముందే ఫోటో తీసి పెట్టుకోండి, ఇన్సూరెన్సు వారు మొదట అడిగేది అదే.