దీర్ఘకాలిక కుటుంబ సర్వే డేటాను వాడే ముందు: ఇంటిని కాదు, మనిషిని వెంబడించాలి

ఒకే కుటుంబాలను ఏళ్ల తరబడి పలకరిస్తూ సాగే సర్వే డేటా చేతికి అందగానే, చాలామంది పరిశోధకులు ఒక్కో విడత ఫైలును కుటుంబ సంఖ్య ఆధారంగా మరో విడతతో కలిపేస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. పిల్లలు వేరు కాపురం పెడతారు, దంపతులు విడిపోతారు, పెద్దవాళ్లు కన్నుమూస్తారు, కొత్తవాళ్లు వచ్చి చేరతారు. ఇరవై ఏళ్లు గడిచాక ‘అదే కుటుంబం’ ఏదని అడిగితే ఒకే జవాబు దొరకదు. మనిషి మాత్రం ఆ మనిషే. అందుకే డేటాను ముందు వ్యక్తుల వారీగా కూర్చుకుని, ఆ ఏడాది ఆ వ్యక్తి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి వివరాలను తర్వాత జతచేయాలి.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 1968లో సుమారు 4,800 కుటుంబాలతో మొదలుపెట్టిన ‘ప్యానెల్ స్టడీ ఆఫ్ ఇన్‌కమ్ డైనమిక్స్’ అనే సర్వే ఇందుకు మంచి ఉదాహరణ. అందులో కుటుంబానికి ఇచ్చే ఇంటర్వ్యూ సంఖ్య విడత విడతకూ మారుతుంది. మారనివి రెండే: 1968 నాటి మూల కుటుంబం సంఖ్య, ఆ వంశంలో వ్యక్తికి కేటాయించిన సంఖ్య. ఈ రెండూ కలిస్తేనే ఒక మనిషి గుర్తింపు పూర్తవుతుంది. వ్యక్తుల ఫైలు నుంచి ప్రతి విడతలోని ఇంటర్వ్యూ సంఖ్యను తీసుకుని, దాని ద్వారా ఆ విడత కుటుంబ ఫైలును కలపాలి. అంతటితో పని పూర్తయిందనుకోకూడదు. ప్రతి వ్యక్తికీ ఆ విడతలో ఉన్న వరుస సంఖ్యను కూడా చూడాలి. 1 నుంచి 20 వరకు ఉంటే ఆ వ్యక్తి ఇంట్లో ఉన్నట్టు, 51 నుంచి 59 అయితే జైలు, ఆసుపత్రి లాంటి ఏదైనా సంస్థలో ఉన్నట్టు, 71 నుంచి 80 అయితే ఇల్లు విడిచి వెళ్లినట్టు, 81 నుంచి 89 అయితే మరణించినట్టు అర్థం. ఈ వడపోత మరచిపోతే, చనిపోయిన వ్యక్తి వరుసలో కూడా మిగిలిన కుటుంబం ఆదాయం వచ్చి కూర్చుంటుంది. కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు కాబట్టి ఈ తప్పును నేను అన్నిటికంటే ప్రమాదకరమైనదిగా భావిస్తాను.

కాలం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ఇంట్లో ఎవరెవరున్నారన్నది ఇంటర్వ్యూ నాటి స్థితి, ఆదాయం మాత్రం అంతకుముందు క్యాలెండర్ సంవత్సరానిది. ఈ మధ్యలో పెళ్లి జరిగి ఉంటే, పాత ఏడాది ఆదాయాన్ని కొత్త కుటుంబ పరిమాణంతో భాగించినట్టవుతుంది. పైగా ఈ సర్వే 1997 వరకు ఏటా జరిగి, ఆపై రెండేళ్లకోసారి జరుగుతోంది. విడతకూ విడతకూ మధ్య మార్పును లెక్కించేవారు, ఆ వ్యవధి అన్నిచోట్లా ఒకటే అనుకోకూడదు.

చలరాశి (డేటాలో ఒక ప్రశ్నకు వచ్చిన జవాబులుండే నిలువు గడి) పేరు ఒకటే అయినంత మాత్రాన ప్రశ్న ఒకటే కానక్కరలేదు. పైన చెప్పిన అమెరికా సర్వేలో దంపతులుంటే చాలాకాలం పాటు భర్తనే కుటుంబ పెద్దగా నమోదు చేసేవారు. కాబట్టి ‘పెద్ద’ అన్న మాట సంపాదనను బట్టి పెట్టింది కాదని స్త్రీల వేతనాలను పరిశీలించేవారు గుర్తుంచుకోవాలి. రుణాత్మక కోడ్‌లు, అంటే జవాబు లేనిచోట కారణాన్ని సూచిస్తూ వేసే మైనస్ సంఖ్యలు, మరో ఉచ్చు. జర్మనీ సామాజిక ఆర్థిక ప్యానెల్‌లో -2 అంటే ఆ ప్రశ్న ఆ వ్యక్తికి వర్తించదని. బ్రిటన్‌లోని ‘అండర్‌స్టాండింగ్ సొసైటీ’ కుటుంబ సర్వేలో అదే -2 అంటే జవాబివ్వడానికి నిరాకరించారని. ఒక సర్వేకు రాసుకున్న ప్రోగ్రామును రెండోదానికి అలాగే వాడితే, ఉద్యోగం లేనివారు జీతం చెప్పనివారిగా మారిపోతారు.

మధ్యలో తప్పుకున్నవారి గురించి కూడా ఆలోచించాలి. భారత మానవాభివృద్ధి సర్వే 2004-05లో 41,554 కుటుంబాలను పలకరించింది. 2011-12లో వాటిలో దాదాపు 83 శాతాన్ని తిరిగి కలవగలిగింది. ఇది మెచ్చుకోదగ్గ ఫలితమే. అయినా మిగిలినవారు యాదృచ్ఛికంగా జారిపోయారని అనుకోవడానికి ఆధారమేమిటి? మొదటి విడత వివరాలతో, దొరికినవారినీ దొరకనివారినీ పక్కపక్కన పెట్టి పోల్చి, ఆ పట్టికను వ్యాసంలో ఇవ్వాలి. వెయిట్లు (నమూనాలోని ఒక్కో వ్యక్తి జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యలు) వాడాలా వద్దా అన్నది కూడా నమూనా పుట్టుకను బట్టే తేలుతుంది. 1968 నాటి అమెరికా నమూనాలో అల్పాదాయ కుటుంబాలను కావాలనే ఎక్కువగా చేర్చారు కాబట్టి, వెయిట్లు లేకుండా తీసిన పేదరికపు శాతం దేశం మొత్తానికి వర్తించదు. ఒక ఏడాది చిత్రానికి ఆ ఏడాది వెయిటును, ఏళ్ల పొడవునా మార్పును చూడటానికి దీర్ఘకాలిక వెయిటును ఎంచుకోవాలి. ఒకే మూల కుటుంబం నుంచి వచ్చిన తోబుట్టువులు, వారి పిల్లలు పరస్పరం స్వతంత్రులు కారు గనుక, ప్రామాణిక దోషాలను (అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలతలను) మూల కుటుంబాల వారీగా సమూహపరచి లెక్కించాలి.

విశ్లేషణ మొదలుపెట్టే ముందు ఒక పూట వెచ్చించి పదిమంది వ్యక్తులను యాదృచ్ఛికంగా ఎంచుకుని, వారి అన్ని విడతల వరుసలనూ కాగితంపై అచ్చువేసి చదవాలి. వయసు వెనక్కి నడిచినా, కొడుకు కంటే తల్లి చిన్నదైనా, ఒక ఏడాది ఆదాయం పదింతలై మరుసటి విడతలో మామూలుకు వచ్చినా ప్రశ్నావళి తెరిచి కారణం వెతకాలి. సవరించిన ప్రతి విలువనూ ముడి ఫైలులో కాక ప్రోగ్రాములోనే, ఎందుకు మార్చామో ఒక వాక్యం రాసి నమోదు చేయాలి.