ఆన్‌లైన్ కౌన్సెలింగ్: క్లయింట్ ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి

కొత్తగా ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఏ యాప్ వాడాలి, ఏ కెమెరా కొనాలి అని. అవి నిదానంగా చూసుకోవచ్చు. అసలు తేల్చుకోవాల్సింది క్లయింట్ ఎక్కడ కూర్చుని మాట్లాడతారు, ఆ మాటలు ఎవరి చెవిన పడతాయి అన్నది. క్లినిక్‌లో తలుపు మనం వేస్తాం, ఆన్‌లైన్‌లో ఆ తలుపు వాళ్లింట్లో ఉంటుంది. రెండు గదుల ఫ్లాట్‌లో ఐదుగురుంటే, కోడలు గది తలుపేసుకుని గంటసేపు ఫోన్లో ఉంటే, ఎవరితో అని అడగని అత్తగారు అరుదు.

అందుకే మొదటి సెషన్‌కి ఒకట్రెండు రోజుల ముందే ఓ పది నిమిషాలు ఫోన్ చేసి మాట్లాడండి. ఇంట్లో ఎవరెవరుంటారు, ఏ టైమ్‌లో కాస్త ఖాళీ దొరుకుతుంది, ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా, ఫోన్ ఇంకెవరైనా చూస్తారా అని అడగండి. ఇంట్లో కుదరదంటే మేడ మీద, ఆఫీస్‌లో ఖాళీ మీటింగ్ రూమ్‌లో, పార్క్ చేసి ఉన్న కారులో కూర్చున్నా సరే. బండి నడుపుతూ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.

మధ్యలో ఎవరైనా గదిలోకి వస్తే ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి. నేనైతే ఇలా చెప్తాను: "ఎవరైనా వస్తే 'ఆ ఫైల్ రేపు పంపిస్తానండీ' అనండి చాలు, నాకు అర్థమవుతుంది, నేను వెంటనే ఆగిపోతాను. మీరు మళ్లీ 'చెప్పండి' అనేదాకా నోరు విప్పను." ఇది విన్నాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఇంట్లో కొట్టే మనిషి ఉన్నప్పుడు ఈ ఏర్పాటు తప్పనిసరి, అలాంటి ఇంట్లో భార్యాభర్తలిద్దర్నీ ఒకే స్క్రీన్ ముందు కూర్చోబెట్టే సెషన్ అస్సలు పెట్టొద్దు. కాల్ కట్ అయ్యాక ఆవిడ ఆ ఇంట్లోనే ఉండాలి కదా.

ప్రతి సెషన్ మొదట్లో "ఇప్పుడు ఏ ఊళ్లో, ఎక్కడ ఉన్నారు?" అని అడిగి రాసుకోండి. పోయిన వారం హైదరాబాద్ హాస్టల్లో ఉన్న అమ్మాయి ఈ వారం కర్నూలులో ఇంట్లో ఉండొచ్చు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి వస్తే 112కి ఫోన్ చేసి చెప్పడానికి మీ దగ్గర అడ్రస్ ఉండాలి. వాళ్లు నమ్మే ఒక మనిషి పేరు, నంబరు కూడా, మీరు ఆ మనిషికి ఎప్పుడు ఫోన్ చేస్తారో క్లయింట్‌కి ముందే చెప్పి తీసుకోండి.

నెట్ పోతే? "ఐదు నిమిషాలు చూస్తాను, రాకపోతే నేనే మామూలు కాల్ చేస్తాను" అని చెప్పి ఉంచితే టెన్షన్ ఉండదు. అసలు కష్టం మౌనంతో. ఎదురుగా కూర్చున్నప్పుడు మనం మాట్లాడకపోయినా మన మొహంలో శ్రద్ధ కనిపిస్తుంది, స్క్రీన్ మీద అదే మౌనం నెట్ ఆగిపోయినట్టు ఉంటుంది, అసలే సిగ్గుతో ఏదో చెప్పబోతున్న మనిషి "హలో, వినిపిస్తోందా?" అని అక్కడితో ఆపేస్తారు. అందుకని కాసేపాగి మెల్లగా "వింటున్నానండీ, తొందరేం లేదు" అనండి. వీడియో ఉంటే క్లయింట్‌ని కాస్త వెనక్కి జరిగి కూర్చోమనండి, చేతులు కనిపిస్తాయి. మొహం మామూలుగా పెట్టుకుని చున్నీ కొస నలిపేసేవాళ్లు ఉంటారు, ఆ సంగతి మొహం ఒక్కటే చూస్తే మనకి తెలియదు. వీడియో ఆఫ్ చేస్తేనే మాట్లాడగలనన్నవాళ్లని బలవంతపెట్టొద్దు.

సెషన్ రికార్డ్ చేయకూడదని ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆ మాట రాతలో ఉంటే మంచిది. క్లయింట్ విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా చెప్తోంది. అర్ధరాత్రి వాట్సాప్ మెసేజ్‌లకి ఎప్పుడు జవాబిస్తారో మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే మీరు చూడలేదని వాళ్లు బాధపడతారు.

చివరి పది నిమిషాల్లో కొత్త గాయం కదపొద్దు. క్లినిక్ నుంచి వెళ్లేవాళ్లకి బస్సులోనో ఆటోలోనో తేరుకోవడానికి కాస్త టైమ్ దొరుకుతుంది, ఇంట్లో వాళ్లకి ల్యాప్‌టాప్ మూయగానే పిల్లాడి హోమ్‌వర్క్, పొయ్యి మీద పాలు. మొహం కడుక్కుని, మంచినీళ్లు తాగి, ఓ పావుగంట ఆగి తలుపు తీయమనండి.

అమెరికా నుంచి తెలుగువాళ్లు అడుగుతుంటారు, మాతృభాషలో ఏడవగలిగే చోటు కావాలని. వాళ్ల బాధ నిజమే, కానీ అక్కడ లైసెన్స్ రాష్ట్రాలవారీగా ఉంటుంది, క్లయింట్ ఉన్న రాష్ట్రం నిబంధన చూడకుండా ఒప్పుకోవద్దు. అక్కడ లైసెన్స్ ఉన్న తెలుగు థెరపిస్టుని వెతికిపెట్టినా అది సాయమే.

అందర్నీ ఆన్‌లైన్‌లో చూడలేం. ఎలా చనిపోవాలో కూడా ఆలోచించుకున్నవాళ్లని, ఎవరో వెంటాడుతున్నారనేవాళ్లని, ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తున్నవాళ్లని, తాగి కాల్‌లోకి వచ్చేవాళ్లని దగ్గర్లోని సైకియాట్రిస్ట్ దగ్గరికి నేరుగా పంపాలి, అక్కడికి చేరారో లేదో కనుక్కోవాలి. మీరు అందుబాటులో లేని వేళల కోసం టెలి మానస్ నంబరు 14416 ప్రతి క్లయింట్‌కీ ఇవ్వండి. మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ అది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు చెప్పి వదిలేయకుండా సెషన్‌లో ఉండగానే ఫోన్లో సేవ్ చేయించండి.