బ్యాటరీలో కెమికల్ పోశాను, కానీ పని చేసింది వేరే

మా కారు పొద్దున్నే స్టార్ట్ కాకుండా టక్ టక్ మని ఆగిపోయేది, బ్యాటరీ మీటర్‌తో చూస్తే 12.1 వోల్టులే. మూతలు తీసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ కదా అని ఎవరో చెప్తే ఎప్సమ్ సాల్ట్, అదే మెగ్నీషియం సల్ఫేట్, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి సెల్స్‌లో పోశాను. బ్యాటరీ ద్రవం సాంద్రత చూసి చార్జ్ అంచనా వేసే హైడ్రోమీటర్‌లో రీడింగ్ పెరిగింది, చాలా సంతోషపడ్డాను, కానీ అది ఉప్పు కలిసినందువల్ల పెరిగిన సాంద్రతే తప్ప చార్జ్ కాదు, నాలుగు రోజులకి మళ్లీ అదే కథ.

అప్పుడు సరిగ్గా గమనిస్తే టెర్మినల్ మీద తెల్లగా, కొంచెం పచ్చగా పొడి పేరుకుని ఉంది, క్లాంప్ చేత్తో తిప్పితే తిరిగిపోతోంది. గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ముందు నెగటివ్ తీసి, మూతలు గట్టిగా బిగించి, వంటసోడా నీళ్లతో కడిగి, బ్రష్‌తో గీకి, ఆరాక బిగించాను. తర్వాత గాలి ఆడే చోట రాత్రంతా స్లో చార్జింగ్ పెట్టాను, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పు అసలు ఉండకూడదు. పొద్దున చార్జర్ తీసేసి కొన్ని గంటలాగి చూస్తే 12.6. ఇంజిన్ ఆన్‌లో 14.2 వస్తోంది, అంటే ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. చిన్న చిన్న ట్రిప్పులే తిరగడం వల్ల పూర్తిగా చార్జ్ అవ్వక బ్యాటరీ లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతోందన్నమాట, అందుకే ఇప్పుడు వారానికోసారి కాసేపు దూరం నడుపుతున్నాను. సీల్డ్ బ్యాటరీ అయితే మాత్రం దయచేసి తెరవకండి.