ఇప్పపువ్వు ఏరేందుకు నిప్పు వద్దు, పాత చీరలు పరచండి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ, అహేరి ప్రాంతాల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలేటప్పుడు, నేల శుభ్రంగా కనిపించాలని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఆ మంట గాలికి అడవిలోకి పాకి, నేలమీద గూడు పెట్టే కౌజుల గుడ్లనూ, తాబేళ్లనూ, ముందుతరానికి చెట్లు కావలసిన ఇప్ప మొలకలనూ కాల్చివేస్తుంది. దానికి బదులు సాయంత్రమే ఆకులను ఊడ్చి ఎరువు గుంతలో వేసి, చెట్టు చుట్టూ పాత చీరలు పరచి ఉంచితే, రాత్రి నుంచి ఉదయం వరకు రాలే పువ్వు మట్టి అంటకుండా దక్కుతుంది, వంగి ఒక్కొక్కటే ఏరే ఆడవారి నడుముకు శ్రమ కూడా తగ్గుతుంది. వలలు కూడా పరచవచ్చు గాని, సన్నని వలలో పాములు చిక్కుకుంటాయి కనుక బట్టే మేలని నా అభిప్రాయం. ఎలుగుబంట్లు కూడా ఈ పువ్వు కోసం వస్తాయి. అందువల్ల చీకటితో ఒంటరిగా బయలుదేరకుండా, బాగా వెలుతురు వచ్చాక నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి.