గంజాం ఉక్కపోతలో మెర్ట్సెన్ బీరు రుచి చూసే పద్ధతి

జర్మనీలోని బవేరియా ప్రాంతంలో పండుగ రోజుల కోసం తయారయ్యే మెర్ట్సెన్ అనే లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే) బీరును బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లలో రుచి చూడదలచినవారు అన్నిటికన్నా ముందు సరిచూసుకోవలసింది దాని చల్లదనాన్ని. బీరు అంటే పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండాలన్న అలవాటు మన తీరంలో బలంగా ఉంది. ఎండలో తిరిగి వచ్చి దాహం తీర్చుకోవడానికి ఆ అలవాటు సరిపోతుంది. మెర్ట్సెన్‌లో మనం వెతకవలసిన రుచి మాత్రం మాల్ట్‌ది, అంటే మొలకెత్తించి, ఆరబెట్టి, వేడిగాలిలో కాల్చిన బార్లీది. ఆ రుచి రెండు మూడు డిగ్రీల చలిలో నాలుకకు అందదు. 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య అది పూర్తిగా తెలుస్తుంది. పన్నెండు పదమూడు దాటితే బీరు బరువుగా, చప్పగా మారుతుంది. మన గాలిలో గ్లాసు ఈ మొదటి హద్దు నుంచి రెండో హద్దుకు చాలా త్వరగా చేరుతుంది కాబట్టి, ఏర్పాట్లన్నీ సీసా మూత తీయకముందే పూర్తికావాలి.

ఈ బీరు ఎందుకు ఇలా ఉంటుందో తెలిస్తే ఏం వెతకాలో తెలుస్తుంది. బీరుకు బార్లీ, హాప్స్ (చేదునిచ్చే ఒక రకం పూలు), నీరు తప్ప మరేదీ వాడరాదని బవేరియా పాలకులు 1516లో శాసనం చేశారు. వేసవిలో తయారైన బీరు పాడవుతున్నదని గుర్తించి 1553లో మరో కట్టడి తెచ్చారు. దాని ప్రకారం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకు బీరు తయారీ నిషిద్ధం. అందువల్ల మార్చిలో చివరి విడతగా, కొంచెం ఎక్కువ బలంతో, అంటే ఎక్కువ ఆల్కహాలుతో, బీరు పులియబెట్టి, చల్లని నేలమాళిగల్లో వేసవి అంతా నిల్వ చేసేవారు. నెలల తరబడి చలిలో నిలిచిన బీరులో పచ్చి వాసనలు పోయి, ఈస్ట్ అడుగుకు దిగి, రుచి నున్నబడుతుంది. మనం నేడు తాగే రాగిరంగు మెర్ట్సెన్‌కు రూపమిచ్చింది మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు తయారీ సంస్థకు చెందిన గాబ్రియేల్ సెడెల్‌మాయర్. అతడు, వియన్నాకు చెందిన బీరు తయారీదారు ఆంటన్ డ్రేయర్ కలిసి బ్రిటన్‌కు వెళ్లి అక్కడి మాల్ట్ తయారీ పద్ధతులను పరిశీలించి వచ్చారు. ఆ తర్వాత 1841లో ఇద్దరూ తమ తమ కొత్త లాగర్లను విడుదల చేశారు. 1810లో బవేరియా యువరాజు లుడ్విగ్, థెరేసాల వివాహ వేడుకగా మొదలైన మ్యూనిక్ పండుగ ఆక్టోబర్‌ఫెస్ట్‌లో ఈ తరహా బీరు 1872 నుంచి ప్రవేశించింది.

ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పాలి. నేడు ఆ పండుగ జరిగే మ్యూనిక్ మైదానంలో పోసేది రాగిరంగు మెర్ట్సెన్ కాదు, అంతే బలం ఉండి బంగారు రంగులో తేలికగా సాగే ఫెస్ట్‌బీర్. లీటరు పాత్రలతో తాగేవారికి మాల్ట్ బరువు తగ్గించడమే ఆ మార్పు ఉద్దేశం. పండుగ వరకు అది సరైన నిర్ణయమే కావచ్చు. శ్రద్ధగా రుచి చూడటానికి మాత్రం పాత రాగిరంగు బీరే ఎక్కువ ఇస్తుందని నా గట్టి అభిప్రాయం. సీసా కొనేటప్పుడు రెండింటిలో ఏది చేతికి వచ్చిందో పేరు చూసి, రంగు చూసి తెలుసుకోండి. రెండింటి బలమూ సాధారణంగా 5.8 నుంచి 6.3 శాతం మధ్య ఉంటుంది.

కొనేచోట ధరకన్నా ముందు తేదీ చూడాలి. మెర్ట్సెన్ ఓడలో, గోదాములో, లారీలో చాలా కాలం గడిపి మన దాకా వస్తుంది, వేడి పెరిగేకొద్దీ బీరును ముదిర్చే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. గడువు దగ్గరపడిన సీసాను, దుకాణం ముందు ఎండ తగిలే అరలో నిలబెట్టిన సీసాను తీసుకోవద్దు. ఆకుపచ్చ గాజుకన్నా గోధుమరంగు గాజు మేలు, డబ్బా ఇంకా మేలు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి గంధకపు ఘాటు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. ఇచ్ఛాపురం దాటి ఆంధ్ర వైపు నుంచి తెచ్చుకుందామనుకునేవారు రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలను ముందుగా తెలుసుకోవాలి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపలి వైపు నిలబెట్టి, కనీసం ఒక పూట కదపకుండా ఉంచండి.

ఏ గదిలో కూర్చుంటారన్నది చాలామంది పట్టించుకోరు. తాలింపు వాసన, అగరుబత్తి పొగ, ఫినాయిల్‌తో తుడిచిన నేల, ఒంటికి రాసుకున్న అత్తరు, వీటిలో ఏది ఉన్నా మాల్ట్ సువాసన తెలియదు. తలమీద తిరిగే ఫ్యాను గ్లాసు పైన చేరిన వాసనను క్షణంలో ఎత్తుకుపోతుంది కనుక, వాసన చూసే కొద్ది నిమిషాలైనా ఉక్కను ఓర్చుకుని ఫ్యాను ఆపాలి. గ్లాసు పారదర్శకమైన గాజుది కావాలి. స్టీలు గ్లాసులో రంగు కనబడదు. వానాకాలంలో మన అలమారాల్లో మూసి ఉంచిన గ్లాసులకు బూజు వాసన పడుతుంది, సబ్బు సరిగా వదలని గ్లాసులో నురుగు నిలవదు. అందుచేత గ్లాసును వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలిచి, బోర్లించి ఆరనివ్వండి. దాన్ని డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మంచు పట్టించవద్దు.

సాధారణ ఫ్రిజ్‌లో సీసా నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటకు తీసి బల్లమీద కొద్దిసేపు ఉంచితే అది ఆరేడు డిగ్రీలకు వస్తుంది. దసరా రోజుల్లో కూడా మనవైపు ఉక్క తగ్గదు కనుక ఇందుకు ఎక్కువసేపు పట్టదు. చిన్న వంటింటి థర్మామీటర్ ఉంటే మొదటిసారి దానితో కొలిచి చూడండి, ఆ తర్వాత చేతి స్పర్శతోనే తెలుస్తుంది. సీసా మొత్తం ఒకేసారి పోయకుండా, రెండు వందల మిల్లీలీటర్లకు మించకుండా పోసుకుని, మిగతాది తిరిగి ఫ్రిజ్‌లో పెట్టడం మన వాతావరణానికి తగిన పద్ధతి. అలా చేస్తే మొదటి గ్లాసు వేడెక్కేలోగా రెండో గ్లాసు సిద్ధంగా ఉంటుంది, ఒకే బీరును రెండు చల్లదనాల్లో పోల్చే వీలూ కలుగుతుంది.

గ్లాసును కొంచెం వంచి, దాని గోడ వెంబడి బీరు పోసి, సగం దాటాక నిలువుగా పట్టి నడిమధ్యకు పోయండి. రెండు వేళ్ల మందాన నురుగు కట్టాలి. నురుగు రాకుండా పోయడమే నేర్పు అనుకునేవారున్నారు గానీ, నురుగులోని బుడగలు పగిలినప్పుడే సువాసన పైకి వస్తుంది. గ్లాసు బయట పట్టిన చెమటను పొడిబట్టతో తుడిచి, వెనుక తెల్లకాగితం పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మెర్ట్సెన్ నారింజ ఛాయగల తేనెరంగు నుంచి ఎర్రని రాగిరంగు వరకు ఉంటుంది, అడుగు దాకా స్వచ్ఛంగా కనబడుతుంది, పైన లేత గోధుమఛాయ నురుగు నిలుస్తుంది. మసకబారి ఉంటే వడపోయని రకమా అని చీటీ చూడండి.

వాసన దగ్గర తొందరపడకూడదు. గ్లాసును మెల్లగా తిప్పి, ముక్కు అంచుకు చేర్చి, రెండు మూడు చిన్న శ్వాసలు తీసుకుని, కాసేపు ఆగి మళ్లీ చూడండి. రొట్టె కాల్చినప్పుడు పైపొర నుంచి వచ్చే వాసన, కొద్దిగా వేగిన ధాన్యపు కమ్మదనం ముందుగా తెలియాలి. జర్మన్ రొట్టె వాసన ఎరగనివారికి ఈ వర్ణన పనికిరాదు కాబట్టి ముక్కును సిద్ధం చేసుకునేందుకు ఇంట్లోనే చేయదగిన ఒక అభ్యాసం చెబుతాను. గుప్పెడు చోళ్లు (రాగులు) రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక రాగానే నీడలో ఆరబెట్టండి. సగం అలాగే ఉంచి, మిగతా సగాన్ని మూకుడులో సన్నని సెగమీద, మాడకుండా, వాసన మారే వరకు వేయించండి. రెండింటినీ విడివిడిగా నలిపి వాసన చూస్తే, మొదటిదానిలో పచ్చిగడ్డిని, గింజను తలపించే లేత వాసన, రెండోదానిలో లోతైన కమ్మదనం తెలుస్తాయి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి రంగునూ సువాసననూ పుట్టించే ఈ మార్పును ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ 1912లో వివరించాడు. లేతరంగు లాగర్ల బార్లీ మాల్ట్‌ను సుమారు 80–85 డిగ్రీల వద్ద ఆరబెడితే, మెర్ట్సెన్‌కు ప్రాణమైన మ్యూనిక్ మాల్ట్‌ను 100 డిగ్రీలు దాటేలా కాలుస్తారు. కొందరు తయారీదారులు మాల్ట్ గుజ్జులో కొంత భాగాన్ని విడిగా మరిగించి తిరిగి కలిపే పాత పద్ధతిని నేటికీ పాటిస్తారు, దానివల్ల ఆ కమ్మదనం ఇంకా చిక్కబడుతుంది. హాప్స్ వాసన ఉన్నా చాలా పలుచగా, పూలనూ మూలికలనూ తలపిస్తూ ఉంటుంది. పాకం మాడిన వాసనగానీ కాఫీ గింజల వాసనగానీ బలంగా వస్తే అది ఈ తరహాకు తగిన బీరు కాదు.

ఇప్పుడు గుక్క తీసుకోండి. మరీ చిన్న గుక్కయితే నాలుకంతా తడవదు. నోరు నిండేంత తీసుకుంటే గ్యాసు మంట తప్ప మరేదీ తెలియదు. మధ్యస్థంగా తీసుకుని, నాలుక మీద రెండు మూడు క్షణాలు ఆనించి, మింగి, నోరు మూసి ముక్కు ద్వారా గాలి వదలండి. రుచి అనుకునేదానిలో చాలా భాగం ఈ వదిలిన గాలిలోనే ఉంటుంది. మొదట తియ్యదనం తోస్తుంది, నడుమ కాల్చిన ధాన్యపు రుచి నిండుగా విస్తరిస్తుంది, చివరకు చేదు ముందుకు దూకకుండా ఆ తియ్యదనాన్ని తుడిచి, నాలుకను దాదాపు పొడిగా వదులుతుంది. నా దృష్టిలో ఈ బీరు మంచిచెడ్డలు ఈ చివరి దశలోనే తేలుతాయి. మాల్ట్ కమ్మదనాన్ని తీపి అని పొరబడటం తేలిక. మింగిన తర్వాత పెదవులు అంటుకుంటున్నాయా, నాలుక మీద పంచదార నీళ్ల జిగట మిగిలిందా అని గమనిస్తే తేడా తెలుస్తుంది. మంచి మెర్ట్సెన్‌లో జిగట మిగలదు, ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. ఆరు శాతం బలం ఉన్నా గొంతులో మంట ఉండకూడదు.

రాయగడ, కోరాపుట్ వైపు జీలుగు కల్లు రుచి ఎరిగినవారు, పొద్దున్న తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లబడటం చూసి ఉంటారు. అక్కడ పులుపు పానీయపు స్వభావం. లాగర్ అందుకు పూర్తిగా విరుద్ధం. పులియడం చల్లగా, నెమ్మదిగా ముగిసి, సున్నా డిగ్రీల దరిదాపుల్లో వారాల తరబడి నిలిచాకే అది సీసాలోకి వస్తుంది కాబట్టి, అందులో పులుపు ఏ మాత్రం తగిలినా దోషమే. ఇతర దోషాలనూ పేరుపెట్టి గుర్తించడం నేర్చుకోవాలి. వెన్న వాసన వస్తే ఈస్ట్ తన పని పూర్తిచేయకముందే బీరును చల్లబరిచారని అనుమానించవచ్చు. ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన గట్టిగా వస్తే మరిగించడంలో లోపం ఉండవచ్చు, కోసిన పచ్చి ఆపిల్ వాసన వస్తే నిల్వ చాలలేదని అర్థం. తడిసిన అట్టపెట్టె వాసన మన ప్రాంతంలో అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే అవకాశం ఉన్నది, ఎందుకంటే అది గాలి తగలడం వల్ల, వేడిలో నిల్వ ఉండటం వల్ల పుడుతుంది. ఆ వాసన వచ్చిన సీసాను బట్టి తయారీదారుకు మార్కులు వేయడం న్యాయం కాదు.

తిండి విషయంలో బరంపురం వారికి ఒక నిగ్రహం అవసరం. మన ఊరికి పేరు తెచ్చిన ఆవకాయను, కారపు అప్పడాలను రుచి చూడటం ముగిసే వరకు బల్లమీదికి రానివ్వకండి. కారం, పులుపు తగిలిన నాలుకకు ఇంత మెత్తని మాల్ట్ రుచి దొరకదు. గుక్కల మధ్య నోరు శుభ్రపరచుకోవడానికి ఉప్పు కలపని ముఢీ (మరమరాలు), మామూలు మంచినీళ్లు చాలు. ఆ తర్వాత తింటూ తాగదలచుకుంటే, మ్యూనిక్‌లో ఈ బీరుతో కాల్చిన కోడిని తినే ఆచారాన్ని అనుసరించి, ఉప్పు, మిరియాలు, కొద్దిగా వెన్న పూసి నిప్పుల మీద కాల్చిన కోడిని పెట్టుకోండి. దాని చర్మం మీది వేగిన రుచికీ మాల్ట్ రుచికీ పుట్టుక ఒకటే కాబట్టి రెండూ పొసగుతాయి.

పరిమాణం సంగతి కూడా లెక్కగా తెలుసుకోవాలి. ఆరు శాతం బలమున్న అర లీటరు బీరులో 30 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది, అది 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు రెండింటిలో ఉండేదానికన్నా ఎక్కువ. మెర్ట్సెన్ మెత్తగా దిగుతుంది కనుక ఆ బలం నోటికి తెలియదు. రుచి చూడటానికి ఒక మనిషికి ఒక సీసా మించి అక్కరలేదు, ఆ తర్వాత బండి తాకకూడదు. చట్టం అనుమతించే వయసు రానివారు, గర్భిణులు, మందులు వాడుతున్నవారు ఈ బల్ల దగ్గర కూర్చోకూడదు.

మెర్ట్సెన్, ఫెస్ట్‌బీర్ రెండూ దొరికితే లేతరంగుదాన్ని ముందు, ముదురుదాన్ని తర్వాత రుచి చూసి, తోచిన మాటను వెంటనే కాగితం మీద రాయండి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మనకు మొదట ఏ భాషలో మాట వస్తే ఆ భాషలోనే రాసుకోవచ్చు. ఆ తర్వాత మరొకరిచేత మూడు గ్లాసుల్లో, రెండింట ఒక బీరు, మూడోదానిలో మరో బీరు పోయించుకుని, కళ్లకు గుడ్డ కట్టుకుని వేరుగా ఉన్నదాన్ని వాసనతోనూ రుచితోనూ పట్టుకోవడానికి ప్రయత్నించండి. బీరు తయారీ సంస్థలు తమ నిపుణులను పరీక్షించేది ఈ పద్ధతిలోనే. ఊరికే ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోయే అవకాశం ఉంటుంది కనుక, గ్లాసుల వరుస మార్చి ఇంకా రెండు మూడు సార్లు చేయండి. ప్రతిసారీ ఒక్క గుక్కకు మించి పోయవలసిన అవసరం లేదు.