ఇంగ్లండ్‌లో రావాల్సిన డబ్బు కోసం దావా వేయడం, ఓడితే అప్పీలుకు వెళ్లడం ఎలా?

లెస్టర్‌లో చదువుకుంటూ 2,400 పౌండ్లు పెట్టి డీలర్ దగ్గర సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారనుకుందాం. వారం తిరక్కుండానే గేర్‌బాక్స్ పోయింది. డీలరేమో పైసా ఇవ్వనంటున్నాడు. అప్పుడేం చేయాలి? ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లాండ్ కోర్టులు వేరు.

1. ముందు ఉత్తరం రాయండి. ఎంత రావాలి, ఎందుకు రావాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. రసీదు, మెకానిక్ రిపోర్టు కాపీలు జతచేయండి. ఇలాంటి చిన్న వ్యవహారానికి 14 రోజుల గడువు చాలు. ఈ ఉత్తరం లేకుండా కోర్టుకెక్కితే జడ్జి మొదట అడిగేది దాని గురించే కావచ్చు.

2. ఎవరి మీద వేస్తున్నారో సరిచూసుకోండి. షాపు బోర్డు మీద ఉన్న పేరు, కంపెనీ అసలు పేరు ఒకటే కాకపోవచ్చు. కంపెనీల నమోదు చూసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. పేరు తప్పయితే గెలిచినా వసూలు దగ్గర చిక్కు.

3. దావా వేయండి. కౌంటీ కోర్టులో డబ్బు దావాను ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే వేయవచ్చు. 1,500 దాటి 3,000 పౌండ్ల లోపు దావాకు ఫీజు 115 పౌండ్లు (వేసే ముందు తాజా రేటు చూసుకోండి). కేసు విచారణకు వస్తే ఇంకో ఫీజు ఉంటుంది. గెలిస్తే ఇవి సాధారణంగా అవతలివాళ్లే కట్టాలి. ఒప్పందం తప్పిన కేసులకు కాలపరిమితి 6 ఏళ్లు.

4. జవాబు కోసం ఆగండి. ప్రతివాదికి దావా అందాక 14 రోజులు, అందినట్టు కోర్టుకు తెలియజేస్తే 28 రోజులు. అసలు పలక్కపోతే విచారణ లేకుండానే తీర్పు అడగవచ్చు. ఎదురు వాదిస్తే, 2024 మే నుంచి ఇలాంటి చిన్న దావాల్లో గంటసేపు ఫోన్‌లో ఉచిత మధ్యవర్తిత్వానికి ఇద్దరూ హాజరు కావాల్సిందే. సగం సగం దగ్గర తేలితే నన్నడిగితే ఒప్పుకోవడమే నయం.

5. విచారణ. 10,000 పౌండ్ల వరకు దావాలు మామూలుగా స్మాల్ క్లెయిమ్స్ (చిన్న దావాల విభాగం) కిందికి వస్తాయి. డిస్ట్రిక్ట్ జడ్జి వింటారు. విగ్గులు, హడావిడి ఉండవు, లాయరూ తప్పనిసరి కాదు. ఓడినా అవతలి లాయరు ఫీజు మామూలుగా మీ నెత్తిన పడదు. ఉన్న సాక్ష్యమంతా కోర్టు చెప్పిన తేదీలోగా కోర్టుకూ, ప్రతివాదికీ పంపండి. ఏదీ దాచిపెట్టుకోవద్దు.

అలా ఎందుకంటున్నానంటే, అక్కడి అప్పీలు మనం ఊహించుకునేలాంటిది కాదు. మన దేశంలో సివిల్ దావాలో మొదటి అప్పీలు చాలావరకు హక్కు, అందులో వాస్తవాలనూ మళ్లీ తరచి చూస్తారు. ఇంగ్లండ్‌లో ముందు అనుమతి కావాలి. గెలిచే అవకాశం నిజంగా ఉందనో, వినాల్సిన మరో బలమైన కారణం ఉందనో చూపాలి. పై జడ్జి కేసును మొదటినుంచీ వినరు, కింది తీర్పు తప్పా, విచారణలో తీవ్రమైన లోపం జరిగిందా అనే చూస్తారు. “నా మాట నమ్మలేదు” అంటే కుదరదు.

6. అప్పీలు చేయాలంటే తీర్పు చెప్పగానే అక్కడికక్కడే అనుమతి అడగండి. కాదంటే పై కోర్టును అడగవచ్చు. స్మాల్ క్లెయిమ్స్‌కు ఫారం ఎన్164. జడ్జి వేరే గడువు పెట్టకపోతే 21 రోజులే. ఆ లెక్క తీర్పు చెప్పిన రోజునుంచి, కాగితం ఇంటికొచ్చిన రోజునుంచి కాదు. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు, స్టే విడిగా అడగాలి.

డిస్ట్రిక్ట్ జడ్జి తీర్పు మీద అప్పీలు సర్క్యూట్ జడ్జికి వెళ్తుంది. అక్కడా ఓడితే కోర్ట్ ఆఫ్ అప్పీల్. కానీ రెండో అప్పీలుకు ముఖ్యమైన న్యాయసూత్రమో, మరో బలమైన కారణమో ఉండాలి. 2009 నుంచి పనిచేస్తున్న సుప్రీంకోర్టు ప్రజలందరికీ సంబంధించిన న్యాయ ప్రశ్నలకే. గేర్‌బాక్స్ తగాదా అంత దూరం పోదు.

7. గెలిచాక వసూలు. కోర్టు తనంతట తాను డబ్బు రాబట్టదు. నెలలోగా కట్టకపోతే ఆ తీర్పు 6 ఏళ్లు కోర్టు తీర్పుల రిజిస్టర్‌లో ఉండి డీలర్‌కు అప్పు పుట్టడం కష్టమవుతుంది. అయినా కట్టకపోతే మరో ఫీజు కట్టి బెయిలిఫ్‌లను (కోర్టు తరఫున బాకీ వసూలు చేసేవాళ్లను) పంపమని మీరే అడగాలి. కంపెనీ దగ్గర ఏమీ మిగలకపోతే వాళ్లూ చేయగలిగింది లేదు. అందుకే కంపెనీ నడుస్తోందా, మూతపడే దశలో ఉందా అన్నది రెండో మెట్టులోనే చూసుకోండి.